చలికాలం సెలవులకి మనవడు వస్తున్నాడు, ఈ వయసులో పొద్దున్నే వాడితో ఫుట్‌బాల్ ఆడొచ్చా?

మల్కాజిగిరి తాతయ్య:

అందరికీ నమస్కారమండీ. మాది మల్కాజిగిరి, రైల్వేలో చేసి రిటైర్ అయ్యాను, ఇప్పుడు అరవై తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఇంట్లో నేనూ మా ఆవిడా ఇద్దరమే. పొద్దున లేవడం, పాల ప్యాకెట్లు, పేపరు, కాలనీ పార్కులో కాసేపు నడక, మధ్యాహ్నం ఒక కునుకు, సాయంత్రం గుడి దగ్గర అరుగు మీద నా ఈడు వాళ్ళతో కబుర్లు, ఇదీ నా రోజు. నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ కూడా ఈసారి ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లో కూర్చునే చేసేశాం, బ్యాంకు దాకా పోయే పని కూడా తప్పింది. ఇంక డిసెంబర్ మూడో వారం ఎప్పుడొస్తుందా అని క్యాలెండర్ చూడటమే.

మా అమ్మాయి వాళ్ళు న్యూజెర్సీ నుంచి వస్తున్నారు. స్కూల్లో అడిగి సెలవు ఇంకొంచెం పొడిగించారట, సంక్రాంతి దాకా ఉంటారు. మనవడికి పదేళ్ళు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆదివారం వీడియో కాల్‌లో వాళ్ళ టీమ్ గురించి, వాడేసిన గోల్ గురించే చెప్తాడు, వెనకాల సోఫా మీద కూడా బంతి కనపడుతూ ఉంటుంది. మొన్న మాటల్లో "ఇండియా వాళ్ళకి ఫుట్‌బాల్ రాదు కదా తాతయ్యా, క్రికెట్ ఒక్కటే కదా" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడికి ఎవరు చెప్పారు గనక. కానీ ఆ మాట నాకు రెండు రోజులు మనసులోంచి పోలేదు. నేను లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి, మా చిన్నప్పుడు సాయంత్రం అయితే క్వార్టర్స్ మధ్య ఖాళీ జాగాలో ఫుట్‌బాలే ఆడేవాళ్ళం, మా నాన్నగారు ఫతే మైదాన్‌కి మ్యాచ్‌లకి తీసుకెళ్ళేవారు, ఒలింపిక్స్ ఆడిన వాళ్ళు మన ఊళ్ళో సైకిల్ మీద పోతుంటే చూపించేవారు. అవన్నీ వాడికి నోటితో చెప్తే వినడు, గ్రౌండ్‌లోకి తీసుకెళ్ళి బంతి తన్నుతూ చెప్తే వింటాడని నా నమ్మకం.

ఇబ్బందులు ఏంటంటే, నాకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటున్నా, కంట్రోల్‌లోనే ఉంది. కుడి మోకాలు చలికాలంలో పొద్దున్నే పట్టేసినట్టు ఉంటుంది, కాసేపు తిరిగితే వదులుతుంది. మా అమ్మాయేమో "నాన్నా ఆ చలిలో, ఆ దుమ్ములో మీరెందుకు, వాణ్ణి ఏదైనా అకాడమీలో వేద్దాం" అంటోంది. పైగా వాళ్ళు వచ్చారంటే ఊపిరి సలపదు, అల్లుడుగారి వైపు వాళ్ళిళ్ళు, షాపింగ్, పళ్ళ డాక్టరు, యాదగిరిగుట్ట, వీటిల్లో వాడు నాకు దొరికేది ఎంతసేపని. చలికాలం ఉదయం ఈ వయసులో ఎంతవరకు ఆడొచ్చు, వాడికి ఇక్కడి పిల్లలతో ఆడే చోటు ఎక్కడ దొరుకుతుంది, తెలిసినవాళ్ళు చెప్పగలరు.

అల్వాల్ అమ్మమ్మ:

అన్నయ్యగారూ, మా ఇంట్లోనూ ఇదే సీను, మాకు డల్లాస్ నుంచి వస్తారు. వాళ్ళు దిగిన మొదటి వారం మీకు వరం అనుకోండి. న్యూజెర్సీకీ మనకీ చలికాలంలో పదిన్నర గంటల తేడా, పిల్లలు తెల్లవారుజామున మూడింటికే కళ్ళు తెరిచి కూర్చుంటారు, అప్పుడు టాబ్ చేతికి ఇచ్చేస్తే ఇంక ఆ అలవాటే ఉండిపోతుంది. మా ఇంట్లో ఆ టైమ్‌కి పాలు కాచి ఇచ్చి, నేనూ మా మనవరాలూ వంటింట్లో కింద కూర్చుని చింతగింజలతో వామనగుంటలు ఆడతాం, తెల్లారేదాకా. మధ్యాహ్నం మూడు నాలుగింటికి మాత్రం పిల్లలు నిలబడి నిద్రపోతారు, ఆ టైమ్‌లో చుట్టాలిళ్ళకి తీసుకెళ్ళి పలకరించలేదు, నవ్వలేదు అని వాళ్ళని అనడం అన్యాయం.

ఇంకో మాట. మీ అమ్మాయితో టికెట్లు బుక్ అయిన రోజుల్లోనే ఖరారు చేసుకోండి, పొద్దున తొమ్మిది దాకా పిల్లాడు తాతయ్యవాడు, ఆ తర్వాత ఎవరింటికైనా తీసుకెళ్ళండి అని. చుట్టాలు ఎవరూ తొమ్మిది లోపు భోజనానికి పిలవరు కదా. మేం అలా పెట్టుకున్నాకే మనవళ్ళతో నాలుగు మాటలు మిగిలాయి, అంతకుముందు ఎయిర్‌పోర్ట్‌లో దించేటప్పుడు తప్ప వాళ్ళ మొహం సరిగ్గా చూసిందే లేదు. మీ ఆవిడగారికి కూడా ఏదో ఒక టైమ్ రాయించండి, ఆవిడ మూడు వారాలూ వంటింట్లోనే ఉండిపోతారు లేకపోతే.

తార్నాక ఫిజియో:

అంకుల్, నేను ఫిజియోథెరపిస్ట్‌ని, మీలాంటి వాళ్ళని చలికాలంలో చాలామందిని చూస్తాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తా. ఆడొచ్చు. కానీ ఐదింటికి వద్దు. చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి, దాంతో బీపీ పెరుగుతుంది, నిద్రలేచిన మొదటి గంటల్లో ఎలాగూ బీపీ కాస్త ఎక్కువే ఉంటుంది, ఈ రెండూ కలిసే టైమ్ అది. పైగా డిసెంబర్ జనవరిలో తెల్లవారుజామున చల్లగాలి కిందే ఉండిపోయి, బండ్ల పొగా చెత్త తగలబెట్టిన పొగా పైకి పోకుండా మన ముక్కు ఎత్తులోనే ఉంటాయి. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో సూర్యుడు వచ్చేదే ఆరూ నలభై దాటాక, కాబట్టి ఏడున్నరకి ఎండ నేల మీద పడ్డాక వెళ్ళండి. బీపీ మాత్ర టైమ్ మీ అంతట మీరు మార్చొద్దు, ఆడాలనుకుంటున్నా అని మీ డాక్టర్‌కి ఒక మాట చెప్పి, వాళ్ళు వచ్చేలోపే ఒకసారి చెకప్, ఈసీజీ చేయించుకోండి.

మోకాలి సంగతి. ఇంట్లోనే మొదలుపెట్టండి, కుర్చీలో కూర్చుని కాలు ముందుకి చాపి ఐదు లెక్కపెట్టి దించడం, తర్వాత గోడ పట్టుకుని మడమలు లేపి దించడం, రెండు కాళ్ళకీ పదేసి సార్లు. గ్రౌండ్‌కి వెళ్ళాక పది నిమిషాలు మామూలు నడక, ఆ తర్వాతే బంతి ముట్టుకోండి. ఒక్కసారిగా పరిగెత్తడం, పరిగెడుతూ పక్కకి తిరగడం, ఈ రెండే మీ వయసులో ప్రమాదం, తొడ వెనక కండరం, పిక్క పట్టేసేది అప్పుడే. అడుగున మొనల్లాంటి స్టడ్స్ ఉన్న బూట్లు కొనకండి, చలికాలంలో మన నేల వానల తేమ ఆరిపోయి రాయిలా ఉంటుంది, స్టడ్స్ దిగవు, చీలమండ మెలిక పడుతుంది. మీ వాకింగ్ షూస్ చాలు. మంకీ క్యాప్, స్వెటర్ వేసుకుని వెళ్ళండి గానీ ఒళ్ళు వేడెక్కాక స్వెటర్ తీసేయండి, చెమటతో తడిసిన బనీను మీదే ఆ చలిలో కూర్చోవద్దు. దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలి, చలికాలంలో పెద్దవాళ్ళు మర్చిపోయేది ఇదే. ఛాతీలో బరువుగా ఉన్నా, ఎడమ చెయ్యి లాగినా, దవడ నొప్పి వచ్చినా, మామూలుగా లేని ఆయాసం వచ్చినా ఆపేసి వెంటనే హాస్పిటల్‌కి, మనవడు చూస్తున్నాడని ఓర్చుకోవద్దు.

ఇంకోటి, మీకు బాగా సరిపోయే ఆట ఒకటుంది, వాకింగ్ ఫుట్‌బాల్ అని. ఇంగ్లండ్‌లో చెస్టర్‌ఫీల్డ్ అనే ఊళ్ళో 2011లో మొదలైంది, యాభై దాటినవాళ్ళ కోసం. రూల్ ఒక్కటే పెద్దది, ఎవరూ పరిగెత్తకూడదు, పరిగెడితే ఫ్రీ కిక్ అవతలి వాళ్ళకి. ఒంటి మీదికి వచ్చి గుద్దుకోవడం ఉండదు, బంతి తల ఎత్తు దాటి పోకూడదు. మీ మనవడికీ అదే రూల్ పెట్టండి, వాడు కూడా నడవాల్సిందే. అప్పుడు వాడి స్పీడు పనికిరాదు, పాస్ ఎక్కడికి ఇవ్వాలో ఆలోచించాలి, అందులో మీరు వాడికంటే తక్కువేం కాదు.

ఫ్లూ టీకా ఈ ఏడాది వేయించుకోకపోతే ఇప్పుడే వేయించుకోండి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, విమానంలో వచ్చిన పిల్లలు దగ్గు, జలుబు తప్పకుండా మోసుకొస్తారు. న్యుమోనియా టీకా గురించి కూడా డాక్టర్‌ని అడగండి.

సైనిక్‌పురి నివాసి:

టర్ఫ్‌లు, అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచిన చిన్న గ్రౌండ్లు, ఇప్పుడు మన వైపు గల్లీకొకటి వచ్చినయ్ కదా సార్, గంట లెక్కన ఇస్తారు, పొద్దున పూట ఖాళీగానే ఉంటయ్, రేటు కూడా రాత్రి కంటే తక్కువ. నెట్ చుట్టూ ఉంటది కాబట్టి కుక్కల బాధ లేదు, బంతి రోడ్డు మీదికి పోదు. మీ అమ్మాయిగారు దుమ్ము అంటున్నారు కాబట్టి మొదటి రెండు రోజులు అక్కడ ఆడించండి, ఆమెకి ధైర్యం వచ్చినాక గ్రౌండ్‌కి మార్చండి.

బొల్లారం పాత ప్లేయర్:

సార్ నమస్తే. మీరు రాసింది సదివినంక రాయకుండ ఉండలేకపోయిన. నేను చిన్నప్పటి సంది బొల్లారం, తిరుమలగిరి గ్రౌండ్లల్ల ఆడినోన్ని, ఇప్పటికీ పిలగాండ్లకు పొద్దుగాల నేర్పిస్త. మీ మనవనికి ఇండియాకు ఫుట్‌బాల్ రాదని ఎట్లనిపిస్తదో నాకు ఎరుకే, ఇక్కడి పిలగాండ్లకు కూడ తెల్వది, మన హైదరాబాదే ఒకప్పుడు దేశం మొత్తానికి ఫుట్‌బాల్ నేర్పిందని.

వాన్ని ముందుగాల అమ్ముగూడ తీస్కపొండ్రి. మీరు రైల్వే మనిషి, లైన్ నాకంటె మీకే బాగ తెలుసు, మల్కాజిగిరి, దయానంద్ నగర్, సఫిల్‌గూడ, రామకిష్టాపురం గేట్, ఆ తర్వాత అమ్ముగూడనే. తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు అది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడిండు, 1960 రోమ్‌ల హంగేరీ మీద గోల్ కొట్టిండు, పెరూ మీద కొట్టిండు, 1962ల జకార్తాల ఏషియన్ గేమ్స్ గోల్డ్ గెలిచిన టీమ్‌ల ఉండె. 2023 ఫిబ్రవరిల కలకత్తల చనిపోయిండు. మీ ఇంటికాడికెళ్ళి లోకల్ రైల్ల పోయేటంత దూరంల పుట్టిన మనిషి ఒలింపిక్స్‌ల గోల్ కొట్టిండంటె ఆ పిలగాడు నోరు తెరుస్తడు సార్, స్టేషన్ల దిగి ప్లాట్‌ఫామ్ మీద నిలవడి చెప్పుండ్రి ఆ ముచ్చట.

ఆ తర్వాత రహీమ్ సాబ్ గురించి చెప్పాలె. సయ్యద్ అబ్దుల్ రహీమ్, స్కూల్ల టీచర్ జేసిండు, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ను తయారు చేసిండు. ఆ టీమ్ బంబైల జరిగే రోవర్స్ కప్ టోర్నమెంట్ 1950 నుంచి 1954 దాక వరసగ ఐదు సార్లు గెలిచింది. హైదరాబాద్ టీమ్ 1956, 57 సీజన్లల్ల రాష్ట్రాల టీమ్‌ల నడుమ జరిగే సంతోష్ ట్రోఫీ వరసగ రెండు సార్లు కొట్టింది. ఇండియా టీమ్‌కు కూడ ఆయననే కోచ్. 1952ల హెల్సింకీ ఒలింపిక్స్‌ల మనోళ్ళు చానమంది బూట్లు లేకుండ ఉత్తకాళ్ళతోని ఆడిన్రు, యుగోస్లావియా 10-1తోని ఓడగొట్టింది. నాలుగేండ్లకే, 1956ల, అదే ఇండియా ఆస్ట్రేలియాను ఆళ్ళ దేశంలనే 4-2తోని కొట్టి సెమీఫైనల్‌కు పోయింది, నాలుగో జాగల నిలిచింది. పది గోల్స్ తిన్న టీమ్‌ను నాలుగేండ్లల్ల అక్కడిదాక తెచ్చిన్రంటె ఎంత పని జరిగుంటది సార్. 1962ల జకార్తా ఫైనల్‌ల సౌత్ కొరియాను 2-1తోని ఓడగొట్టినప్పుడు ఆయనకు క్యాన్సర్, తెల్లారి సంవత్సరమే, 1963ల పోయిండు. ఇంత పెద్ద మనిషి పేరు మన బడి పుస్తకాలల్ల పిల్లలకు కనవడాలె, నేను ఎప్పుడు అదే అంట.

ఇగ ఆట సంగతి. రహీమ్ సాబ్ పిలగాండ్లకు రాని కాలుతోనే ఆడాలె అని పోటీలు పెట్టేదని మాకు నేర్పిన పెద్దమనుషులు చెప్తుండె. కుడికాలు వాటం ఉన్నోడు ఎడమకాలుతోనే తన్నాలె, కుడికాలు తగిలితె బంతి అవతలోనిది. మీరు మనవనితోని ఇదే ఆడుండ్రి. ఎట్ల మొదలువెట్టాలంటె, ఒక గోడ చూస్కోండ్రి, గోడ మీద సుద్దతోని మోకాలి ఎత్తుల ఒక గీత గీయుండ్రి. ఐదు అడుగుల దూరంల నిలవడి, ఎడమ పాదం లోపలి పక్కతోని, బొటనవేలు పైకి లేపి చీలమండ గట్టిగ బిగవట్టి, గీత కింద తాకేటట్టు తన్నాలె, వచ్చిన బంతిని ఆపకుండ మళ్ళ తన్నాలె. ఆనింది ఎన్నిసార్లో లెక్కవెట్టుకుంట. నిలవడే కాలు బంతి పక్కన ఉండాలె, ఎనక ఉంటె బంతి గాలిల లేస్తది, అది జెర చూడుండ్రి. దీనికి మీరు ఉరకవలసిన పని లేదు, మోకాలికి జోర్ పడది, వానికి పౌరుషం వస్తది.

జాగ అడిగిన్రు కద. ఉస్మానియా యూనివర్సిటీ గ్రౌండ్లల్ల పొద్దుగాల ఆడుతరు. టైమ్ ఉంటె ఒక్క ఆదివారం పాతబస్తీ దిక్కు బార్కాస్ తీస్కపొండ్రి, ఆడ ముసలోళ్ళు కూడ గోడ మీద కూసోని మ్యాచ్ చూస్తరు, ఆ గ్రౌండ్ కాడ చిన్న పోరలు ఆడే ఆట చూస్తె మీవోనికి అర్థమైతది. టోర్నమెంట్లు ఏమన్న నడుస్తున్నయా పేపర్ల చూడుండ్రి, 2024 డిసెంబర్ల సంతోష్ ట్రోఫీ మన హైదరాబాద్‌లనే జరిగింది, డిసెంబర్ 31 నాడు గచ్చిబౌలిల ఫైనల్, బెంగాల్ కేరళను 1-0తోని కొట్టింది. చలికాలమే మనకు ఫుట్‌బాల్ సీజన్ సార్.

ఎడిసన్ నాన్న:

అంకుల్, నేను న్యూజెర్సీలోనే ఎడిసన్‌లో ఉంటాను, మా వాడికి పదకొండు, ఈ డిసెంబర్‌లో మేమూ హైదరాబాద్ వస్తున్నాం కాబట్టి పిల్లాడి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలనిపించింది. చలి గురించి మీ మనవడి విషయంలో భయమే వద్దు, అక్కడ మైనస్‌లో స్కూల్ బస్సు కోసం నిలబడే పిల్లలు, మన పదిహేను డిగ్రీలకి నిక్కరు మీదే తిరుగుతారు. వాళ్ళకి కష్టమైంది వేరే. అక్కడ ఆట అంటే మేం కార్లో తీసుకెళ్ళాలి, కోచ్ విజిల్ వేయాలి, టీమ్ షర్ట్ ఉండాలి, అన్నీ ఎవరో ఒకరు ఏర్పాటు చేసి పెడతారు. ముందు పరిచయం లేని పిల్లల దగ్గరికి వెళ్ళి "నేను కూడా ఆడతా" అని అడగడం మా పిల్లలకి రాదు, అందుకే కింద గల్లీలో ఆడుతున్నా బాల్కనీలోంచి చూస్తూ ఉంటారు, మనం సిగ్గు అనుకుంటాం. తెలుగు అర్థమవుతుంది గానీ ఎవరైనా నవ్వుతారేమో అని నోరు విప్పరు.

మా నాన్నగారు కిందటిసారి చేసింది ఏంటంటే, మేం వచ్చేముందే అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పిల్లలతో మాట్లాడి, మా మనవడు వస్తున్నాడురా, వాడి దగ్గర మంచి బంతి ఉంది, ఆడిపిస్తారా అని అడిగి పెట్టారు. వాళ్ళే వచ్చి బెల్లు కొట్టారు. ఆ తర్వాత అన్నానికి పిలిచినా పైకి రాలేదు వాడు. మీ అమ్మాయిగారు అకాడమీ అన్నారు కదా, మూడు వారాలకి అకాడమీలో వేస్తే పిల్లాడు అక్కడ చేసేదే ఇక్కడా చేసి వెళ్తాడు, నా అభిప్రాయంలో అది అనవసరం. ఆవిడ కంగారు నాకు అర్థమవుతుంది, మేం ఏడాదికో రెండేళ్ళకో వస్తాం, వచ్చినప్పుడు మీరు కాస్త నీరసంగా కనపడినా మాకు గుండె ఆగినంత పని అవుతుంది, తిరిగి వెళ్ళాక ఫోన్ రాత్రిపూట మోగితే ఉలిక్కిపడతాం. అందుకని మీ చెకప్ రిపోర్టులు ముందే ఆవిడకి వాట్సాప్ చేయండి. చాలావరకు ఒప్పుకుంటారు.

మల్కాజిగిరి తాతయ్య:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఫిజియో అమ్మ చెప్పినట్టు నిన్న చెకప్ చేయించుకున్నా, ఈసీజీ బాగానే ఉందన్నారు, నడుస్తూ ఆడేది అయితే ఇబ్బంది లేదు, పరుగు మాత్రం వద్దన్నారు. ఎడిసన్ బాబు మాట ప్రకారం రిపోర్టులు ఫొటో తీసి పంపించా, మా అమ్మాయి రాత్రి ఫోన్ చేసి "సరే నాన్నా, కానీ ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళాలి, అమ్మకి చెప్పి వెళ్ళాలి" అంది. అల్వాల్ చెల్లెమ్మగారు అన్న తొమ్మిది గంటల మాట కూడా చెప్పేశా, దానికీ ఒప్పుకుంది. మా ఆవిడ సాయంత్రాలు తనవి అంది, నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌కి పిల్లలతో తనే వెళ్తుందట, జనవరి ఒకటి నుంచే కదా మొదలు.

బొల్లారం తమ్ముడూ, బలరాం గారి సంగతి చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. మా నాన్నగారు ఆయన పేరు ఎత్తితే మాట కొంచెం తగ్గించి చెప్పేవారు, అంత గౌరవం. వాణ్ణి తప్పకుండా ఆ రైలే ఎక్కిస్తా. గోడకి గీత గీసే పని ఇవాళే అయిపోయింది, మా వెనక వీధిలో కమ్యూనిటీ హాలు గోడ, వాచ్‌మన్‌ని అడిగే గీశా. గీస్తుంటే కాలనీ పిల్లలు ఇద్దరు వచ్చి ఏంటి తాతా అని అడిగారు, మీ కోసమేరా, ఇరవయ్యో తారీఖు తర్వాత రండి అని చెప్పా. రేపటి నుంచి నేను ఒక్కణ్ణే ఎడమకాలు ప్రాక్టీస్ మొదలుపెడతా. బంతి ఏ సైజు కొనాలో చెప్పు తమ్ముడూ, షాపులో మూడు నాలుగు రకాలు చూపించారు.

బొల్లారం పాత ప్లేయర్:

పదేండ్లోనికి నాలుగు నంబర్ బంతి సార్, ఐదు నంబర్ పెద్దోళ్ళది, పదమూడు దాటినంక. గాలి నిండ కొట్టకుండ్రి, గోడకు తన్నేటప్పుడు బొటనవేలితోని ఒత్తితె కొంచెం లోపలికి పోవాలె, అప్పుడు పాదం నొయ్యది. ఆళ్ళు దిగినంక నాకు ఈడనే ఒక మెసేజ్ వెట్టుండ్రి, ఆదివారం మా పిలగాండ్లకు ఎనిమిదింటికి మ్యాచ్ ఉంటది, మీవోన్ని తోల్కరాండ్రి, ఒక సైడ్‌కు ఎప్పుడు ఒక మనిషి తక్కువనే ఉంటడు.